మా ఇగువానా కళ్ళు మూసుకొంటే ప్రేమ అనుకొన్నాం. ఇప్పుడు తోకతో కొడుతోంది. దాని మనసు తెలుసుకోవడం ఎలా?

మందారం (ఫ్రిస్కో, టెక్సస్):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో సెప్టెంబరు నుంచి ఒక ఆకుపచ్చ ఇగువానా (పెద్ద బల్లిలాంటి జంతువు) ఉంటోంది. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్తూ, అంత పెద్ద పంజరాన్ని తరలించే ఓపిక లేక, జంతువుతో సహా మాకు అప్పగించి వెళ్ళారు. అది మగదనీ, మూడేళ్ళు నిండబోతున్నాయనీ చెప్పారు. ముక్కు కొన నుంచి తోక కొన దాకా నాలుగడుగులు ఉంటుంది. అందులో రెండున్నర అడుగులకు పైగా తోకే. మా పదకొండేళ్ళ అబ్బాయి దానికి పచ్చయ్య అని పేరు పెట్టుకొన్నాడు.

మొదటి రెండు నెలలూ అది ఎంత నెమ్మదిగా ఉండేదంటే, ఇంటికి వచ్చిన స్నేహితులందరికీ గర్వంగా చూపించుకొనేవాళ్ళం. చేయి పెడితే కదిలేది కాదు. తల నిమిరితే నిమిరిన వైపు కన్ను మూసుకొనేది. వీడియోల్లో చూసినదాన్నిబట్టి, అది మమ్మల్ని నమ్మిందనీ, నిమిరితే హాయిగా ఉందనీ అనుకొన్నాం. డిసెంబరు వచ్చాక దాని పద్ధతి పూర్తిగా మారిపోయింది. రోజుకు పది పదిహేను సార్లు తల పైకీ కిందికీ ఊపుతోంది. మావాడేమో అది ‘ఔను’ అంటోందని సంబరపడి, తనూ ఎదురుగా నిలబడి తల ఊపుతున్నాడు. ముందుకాళ్ళ మీదా మెడ పక్కనా నారింజ రంగు తేలింది, తిండి సగానికి తగ్గింది. మొన్న శనివారం నీళ్ళ గిన్నె మార్చడానికి పంజరం పైతలుపు తెరిచి చేయి పెట్టగానే ముంజేతి మీద తోకతో ఒక్కటి కొట్టింది. బెత్తంతో కొట్టినట్టు వాత తేలి, రెండు రోజులు తగ్గలేదు.

మచిలీపట్నం నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అత్తగారు “తొండ ముదిరి ఊసరవెల్లి కావడమంటే ఇదే, దీన్ని ఎక్కడైనా చెట్ల మధ్య వదిలిపెట్టి రండి” అంటున్నారు. మావాడు ఏడుస్తున్నాడు. ఇది కోపమా, భయమా, జబ్బా? మచ్చిక అయిన జంతువు మళ్ళీ అడవి జంతువులా మారిపోతుందా? అనుభవం ఉన్నవారు చెబితే మీ మేలు మరచిపోను.


గోదారిగట్టు (హ్యూస్టన్):

మందారం గారూ, ముందు మీ అత్తగారికి నా మాటగా ఒకటి చెప్పండి: వదిలిపెట్టి రావడం మాత్రం వద్దు. ఇది మధ్య అమెరికా, దక్షిణ అమెరికా వేడి అడవుల ప్రాణి. మీ ఊరి చలికాలంలో ఒక్క మంచు రాత్రికే చచ్చిపోతుంది. చలి తక్కువగా ఉండే దక్షిణ ఫ్లారిడాలో అలా వదిలినవీ, తప్పించుకొన్నవీ వేల సంఖ్యలో పెరిగి కాలువ గట్లను బొరియలతో తొలిచేస్తుంటే, 2021 ఏప్రిల్ నుంచి ఆ రాష్ట్రంలో కొత్తగా ఇగువానాను పెంచుకోవడాన్నే నిషేధించారు.

ఇక మీ పచ్చయ్య సంగతి. అది డిసెంబరులో కొత్తగా మాట్లాడటం మొదలుపెట్టిందని మీరు అనుకొంటున్నారు కానీ, నా ఉద్దేశంలో సెప్టెంబరు నుంచీ మాట్లాడుతూనే ఉండి ఉంటుంది. మనకు వినబడే భాష తోక దెబ్బ ఒక్కటే కాబట్టి అక్కడినుంచే లెక్కపెడతాం.

మన ఊళ్ళలో కంచె మీది తొండ గొంతు ఎర్రగా చేసుకొని తల ఊపితే, అది మనల్ని వెక్కిరిస్తోందని చిన్నప్పుడు రాళ్ళు రువ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. తొండ మనల్ని అసలు లెక్కచేయలేదనీ, అవతలి కంచె మీది మరో మగ తొండకు ‘ఈ గుంజ నాది’ అని చెప్పుకొంటోందనీ చాలా ఏళ్ళకు తెలిసింది. తొండకూ ఇగువానాకూ దగ్గరి చుట్టరికం లేకపోయినా తల ఊపడంలో అర్థం ఇంచుమించు అదే. నిదానంగా, లోతుగా రెండు మూడు సార్లు ఊపి ఆపేస్తే, అది ‘నేనిక్కడున్నాను, ఇది నా చోటు’ అని చెప్పుకోవడం. అందులో పలకరింపు కూడా కొంత ఉండవచ్చు, భయపడనక్కరలేదు. అదే తల వేగంగా, పక్కలకు వణికిస్తూ ఊపుతుంటే అది రెచ్చి ఉందని అర్థం; అప్పుడు చేయి పెట్టకూడదు. మీ అబ్బాయి ఎదురుగా నిలబడి తల ఊపడం మాత్రం ఈ రోజు నుంచే మాన్పించండి. వాడు ఆటగా చేస్తున్నాడు, దానికది సవాలుగా కనిపిస్తోంది.

గొంతు కింద వేలాడే తోలు ఉంటుంది చూశారా, ఆవుకైతే గంగడోలు అంటామే, అది. దాన్ని కిందికి చాచిందంటే ఎప్పుడూ కోపమేనని తీర్మానించకండి. ఎండ కాచుకొనేటప్పుడు కూడా చాస్తుంది, కొత్త మనిషిని చూసినా చాస్తుంది. గంగడోలు చాచడంతో పాటు ఒళ్ళు ఏం చేస్తోందో చూడాలి. అది మీకు అడ్డంగా తిరిగి, పక్కటెముకలు బల్లపరుపుగా నొక్కుకొని, నాలుగు కాళ్ళ మీదా లేచి నిలబడి, వెన్ను మీది ముళ్ళు నిక్కబొడిచిందంటే, ఉన్నదానికి రెట్టింపు పెద్దగా కనబడాలని ప్రయత్నిస్తోందన్న మాట. ఆ సమయంలో తోక వైపు చూడండి. మొదట తోక కొన పిల్లి తోకలా మెల్లగా ఆడుతుంది, తరువాత తోక మొత్తం ఒక పక్కకు విల్లులా వంగి ఆగిపోతుంది. ఆ ఆగడం ఒకటి రెండు సెకన్లు ఉంటుంది. మీ చేయి వెనక్కి తీసుకోవలసిన క్షణం అదే. నా చేతుల మీద మొదటి ఏడాది పడిన వాతలన్నీ ఆ రెండు సెకన్లను గమనించక పడినవే. కొన్నిసార్లు నోరు తెరిచి చూపిస్తుంది. వేడి ఎక్కువైనా నోరు తెరుస్తుంది కానీ, వేడికి తెరిస్తే ఒళ్ళు వదులుగా ఉంటుంది, బెదిరింపుకు తెరిస్తే ఒళ్ళంతా బిగిసి ఉంటుంది. పళ్ళు రంపపు పళ్ళలాంటివి. కరిస్తే కుట్లు పడవచ్చు.

నారింజ రంగు, తిండి తగ్గడం, అదే పనిగా తల ఊపడం, మూడేళ్ళ మగది, డిసెంబరు అంటే నాకు మొదట తోచేది జత కట్టే కాలం. ఇక్కడ పెంపుడు మగవాటికి అది సాధారణంగా చలికాలంలోనే వచ్చి, ఒకటి రెండు నెలలు ఉండి పోతుంది. తొడల లోపలి వైపు వరుసగా ఉన్న రంధ్రాలు ఉబ్బి మైనంలాంటిది కారుతుంటే ఇక అనుమానం అక్కరలేదు. ఆ రోజుల్లో ఇంటి మనుషుల్ని కూడా పోటీదారులుగానో, మరోలాగానో చూస్తుంది. మెత్తటి బొమ్మ ఒకటి పంజరంలో వేసి ఉంచండి, దాని ఆవేశం దానిమీద పోతుంది. నవ్వుకొన్నా ఫరవాలేదు, మా ఇంట్లో ఐదేళ్ళుగా ఒక పాత చిలక బొమ్మ ఆ పనే చేస్తోంది.

ఇక కళ్ళు మూసుకోవడం గురించి నా సొంత అనుభవం చెప్పకుండా ఉండలేను. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మాకు రెండు రోజులు వరుసగా కరెంటు లేదు. అప్పటికి మా మగదాన్ని తెచ్చి ఏడాది కాలేదు, ముట్టుకొంటే విరుచుకుపడేది. ఇంట్లో చలి దిగుతుంటే దాన్ని దుప్పటిలో చుట్టి, వాకిట్లో నిలిపిన కారులో హీటరు వేసుకొని, గంటల తరబడి ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను. ముదురాకు రంగు తిరిగి, కళ్ళు మూసుకొని, నా పొట్టకు అతుక్కొని పడుకొంది. ఇంత కష్టంలో నన్ను నమ్మిందే అని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో రోజు కరెంటు వచ్చింది, దీపం కింద ఒళ్ళు వెచ్చబడింది, గంట తిరగకుండా నా చెవి పక్కగా తోక విసిరింది. అది రెండు రోజులూ నన్ను నమ్మలేదు, కదిలే శక్తి లేక ఊరుకొంది. చల్లబడిన ఇగువానా ఎప్పుడూ మంచిదే! మీ పంజరంలో వేడి ఎంత ఉందో ఒకసారి కొలిచి చెప్పగలరా?


వనస్థలి (హైదరాబాద్):

గోదారిగట్టు గారు చెప్పిన సంకేతాల వివరం నాకూ ఉపయోగపడింది. మచ్చిక చేయడం గురించి నేను రెండు మాటలు చేరుస్తాను, ఎందుకంటే చేయకూడనివన్నీ చేసి నేర్చుకొన్నవాణ్ణి.

నేను 2019లో జానెడు పిల్లను తెచ్చుకొన్నాను. తెచ్చిన వారానికే అది సోఫా వెనక దూరితే, తోక మాత్రమే అందుబాటులో ఉందని పట్టుకొని లాగాను. తోక నా చేతిలోకి వచ్చేసింది. బల్లి తోక తెగి గిలగిల కొట్టుకోవడం మనందరం చూసినదే కానీ, మన అరచేతిలో, మన తప్పువల్ల అది కొట్టుకొంటుంటే చూడటం వేరు. పిల్ల గనుక తోక మళ్ళీ మొలిచింది. కానీ పొట్టిగా, నల్లగా, చారలు లేకుండా ఉంటుంది. పెద్దదైతే అంతమాత్రం కూడా మొలవకపోవచ్చు. కాబట్టి మందారం గారూ, ఎంత కోపం వచ్చినా ఆ తోకను మాత్రం ఎప్పుడూ పట్టుకోవద్దు.

మీరు పైతలుపు తెరిచి చేయి పెట్టానన్నారు. నాకు అన్నిటికంటే అక్కడే తప్పు కనబడింది. దాని నడినెత్తిన రెండు కళ్ళకు కాస్త వెనకగా, చుట్టూ ఉన్న పొలుసులకంటే లేతగా, బూడిద రంగులో ఒక చిన్న గుండ్రటి పొలుసు ఉంటుంది చూడండి. అది మూడో కన్ను. దానితో ఆకారాలు కనబడవు, వెలుగు, నీడ మాత్రం తెలుస్తాయి. అడవిలో పైనుంచి నీడ పడిందంటే గద్ద దిగుతోందని అర్థం. పంజరంలో అది మీ చేయే అయినా దానికి లెక్క ఒకటే. పక్క తలుపు నుంచి, దాని ఛాతీ కంటే కింద నుంచి, అది చూస్తుండగా, అరచేయి పైకి పెట్టి నిదానంగా తీసుకురండి. కళ్ళలోకి సూటిగా చూడకండి. అదీ వేటాడేవాళ్ళు చేసే పనే.

తోక పోయిన తరువాత నేను మూడు నెలలు దాన్ని ముట్టుకోలేదు. రోజూ పొద్దున్న పంజరం పక్కన పీట వేసుకొని పేపరు పైకి చదివేవాణ్ణి. విడిచిన బనియను ఒకటి, నా వాసన తెలియాలని, లోపల వేసేవాణ్ణి. మొదటి వారాలు పీట లాగిన చప్పుడుకే పంజరం వెనక గోడకు కరుచుకొని, ఊపిరి బిగబట్టి ఉండేది. తరువాత నాలుక చాచి గాలిని నాకడం మొదలైంది. అలా నాలుక ఆడిస్తే అది భయం పక్కనపెట్టి వాసన తెలుసుకొంటోందని అర్థం. నా లెక్కలో అదే మొదటి మెట్టు. ఆ తరువాత ఎర్ర మందార పువ్వు. (మీ పేరు చూసి నవ్వుకొన్నాను, పచ్చయ్యకు మీ పేరే ఇష్టమైన తిండి.) కాడ పట్టుకొని పువ్వు అందిస్తే మొదట లాక్కొని పారిపోయేది, తరువాత అక్కడే నిలబడి తినేది, ఒకరోజు ముందుకాలు నా మణికట్టు మీద వేసి తింది. ఆ కాలు బరువు నాకు ఇప్పటికీ గుర్తుంది. రోజూ మునగాకు, గుమ్మడికాయ తురుము, కాస్త ఆవాకు పెడతాను. పాలకూర మాత్రం తగ్గించాలి, అందులోని ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకొంటుంది. మాంసం, గుడ్డు అసలు వద్దు.

ఎత్తుకొన్నప్పుడు పెనుగులాడితే వెంటనే పంజరంలో పెట్టేయకూడదని నా అభిప్రాయం. పెనుగులాడితే వదిలేస్తారని ఒకసారి తెలిసిందంటే ప్రతిసారీ అదే చేస్తుంది. నాలుగు కాళ్ళకూ ఆసరా ఇచ్చి, శాంతించిన తరువాతే దించాలి.

భారతదేశంలో చదువుతున్నవారికి ఒక సూచన. ఇగువానా సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలోని జంతువు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2024లో వచ్చిన నియమాల ప్రకారం, ఇంట్లో ఉన్నదాన్ని ప్రభుత్వ పరివేశ్ వెబ్‌సైటులో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా అమ్మేవారి దగ్గర కొనకండి.


పొలుసుల డాక్టరు (న్యూజెర్సీ):

నేను పశువైద్యురాలిని, సరీసృపాలను కూడా చూస్తాను. వనస్థలి గారి ఓపికకు నమస్కారం. అయితే ఆయన చివరి సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. అప్పటికే మనిషికి అలవాటు పడిన జంతువు ఊరికే మారాం చేస్తుంటే, ఒక అరనిమిషం ఆగి, శాంతించాక దించడం సరైనదే. భయంతో ప్రాణం పోతున్నట్టు గింజుకొనేదాన్ని ఉడుము పట్టు పట్టి ఉంచితే మాత్రం, కాసేపటికి అది కదలడం మానేస్తుంది. మనం దాన్ని శాంతి అనుకొంటాం. అది చేతులెత్తేయడం. అలా మచ్చిక అయినట్టు కనిపించినవే చాలాసార్లు ఏడాది తరువాత యజమాని ముఖం మీదికి దూకి నా దగ్గరికి వస్తాయి, లేదా యజమానే వేరే డాక్టరు దగ్గరికి వెళ్తారు.

కళ్ళు మూసుకోవడానికి మూడు నాలుగు కారణాలు ఉంటాయి, మందారం గారూ. ఒళ్ళు వదులుగా వాల్చి, కాళ్ళు వెనక్కి చాపి, ఊపిరి నిదానంగా తీస్తూ, మీరు నిమరడం ఆపాక కళ్ళు తెరిచి అక్కడే ఉండిపోతే దానికి హాయిగా ఉందని నమ్మవచ్చు. నిమిరిన వైపు కన్ను మాత్రమే మూసి, మెడ అవతలికి తిప్పి, కాళ్ళు ఒంటి కిందికి ముడుచుకొని బిగుసుకుంటే, ‘నేను చూడకపోతే నువ్వు లేనట్టే’ అని భరిస్తోందన్న మాట. చేయి తీయగానే అది ఏం చేస్తుందో చూడటమే నేను అందరికీ చెప్పే పరీక్ష. మీ చేయి వెంట తల కొంచెం వచ్చిందా, లేక గుటక వేసి రెండడుగులు పక్కకు జరిగిందా? మూడో రకం, పట్టపగలు ఎవరూ ముట్టుకోకుండానే కళ్ళు మూసుకొని పడి ఉండటం. అది స్వభావం కాదు, జబ్బు.

జబ్బు మాట వచ్చింది కాబట్టి కింది దవడను రెండు పక్కలా వేలితో మెల్లగా నొక్కి చూడమంటాను. ఈ రోజుల్లో కాదు, ఆవేశం తగ్గాక, తువాలు చుట్టి. దవడ గట్టిగా ఉండాలి. రబ్బరులా మెత్తగా ఉన్నా, ఉబ్బినా, కాళ్ళు లావెక్కినట్టు కనబడినా, వేళ్ళు వాటంతట అవే అదురుతున్నా ఎముకలు గుల్లబారుతున్నాయని అర్థం. ఎముకలు నొప్పి పుట్టే జంతువు ముట్టుకొంటే కొడుతుంది; దానికి మచ్చిక పాఠాలు చెప్పి లాభం లేదు. ఎముకల గట్టిదనానికి కావలసిన అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ దీపం వెలుగుతున్నంత మాత్రాన ఆ కిరణాలు వస్తున్నాయని కాదు. రకాన్నిబట్టి ఆరు నుంచి పన్నెండు నెలలకు మార్చాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండలో ఆ కిరణాలు ఉండవు. ఎండ కాచుకొనే కొమ్మ దగ్గర 95 డిగ్రీల ఫారెన్‌హీట్, మిగతా పంజరంలో 80 నుంచి 85, రాత్రి 75కి తగ్గకుండా ఉండాలి. థర్మామీటరు గోడకు కాదు, అది పడుకొనే కొమ్మ దగ్గర పెట్టి కొలవండి.

తుమ్మి, ముక్కు చుట్టూ తెల్లటి పొడి రాలిస్తే కంగారు పడకండి, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుంది. మీ అత్తగారు ఉన్నారు కాబట్టి మరొకటి: సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే బాక్టీరియా ఉండవచ్చు, ముట్టుకొన్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు. ఈ సీజను అయ్యేదాకా బాబు ముఖాన్ని దాని దగ్గరికి రానివ్వకండి. తిండి తగ్గినా బరువు తగ్గకూడదు, వారానికోసారి తూచి రాసుకోండి.


మందారం:

అందరికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. మీరు అడిగినవన్నీ చూశాను. తొడల మీది రంధ్రాల్లోంచి లేత గోధుమ రంగు మైనం లాంటిది నిజంగానే కనబడుతోంది. వేళ్ళు అదరడం లేదు. యూవీబీ దీపం ఎప్పటిదో తెలియదు కాబట్టి కొత్తది తెప్పించాం.

వేడి సంగతి అడిగేసరికి నాకొకటి గుర్తొచ్చింది. పాత యజమాని ఇచ్చిన థర్మామీటరు గోడ మీద, దీపానికి ఆనుకొని అతికించి ఉంది. అందులో ఎప్పుడూ 90 పైనే చూపించేది. కొమ్మ దగ్గర ఎంత ఉండేదో మేము ఎన్నడూ చూడలేదు. నవంబరు ఆఖరి వారంలో చలి ఎక్కువైందని మావారు ఎక్కువ వాట్ల బల్బు తెచ్చి పెట్టారు. ఇప్పుడు కొమ్మ దగ్గర 94 ఉంది. పాత బల్బు మళ్ళీ పెట్టి కొలిస్తే 82! అంటే మేము మచ్చిక అయిందని చూపించుకొన్న రెండు నెలలూ పాపం అది చలికి ముడుచుకొని ఉందన్న మాట. గోదారిగట్టు గారి కారు కథ మావారికి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్క విషయం మాత్రం అర్థం కావడం లేదు. తల ఊపడం పగలు తక్కువ. సాయంత్రం ఆరు దాటి బయట చీకటి పడ్డాక, పెరటి వైపు గాజు తలుపుకేసి చూస్తూ, అడ్డంగా తిరిగి, గంగడోలు చాచి, అదే పనిగా ఊపుతుంది. ఆ వైపు ఎవరూ ఉండరు. మా అత్తగారికి ఇది మరీ భయంగా ఉంది.


గోదారిగట్టు:

మీ అత్తగారిని భయపడవద్దని చెప్పండి, అక్కడ ఉన్నది పచ్చయ్యే. బయట చీకటి, లోపల దీపం. గాజు తలుపు అద్దమైపోతుంది. అందులో తనంతే ఉన్న మరో మగ ఇగువానా, తను అడ్డంగా తిరిగితే అదీ తిరుగుతోంది, తను తల ఊపితే అదీ ఊపుతోంది, ఎంత బెదిరించినా పోవడం లేదు. రోజూ సాయంత్రం రెండు గంటలు అలాంటి శత్రువుతో తలపడిన జంతువు, మర్నాడు పైనుంచి దిగిన చేతిని ఊరికే వదులుతుందా? దీపాలు వెలిగించక ముందే ఆ తలుపుకు దళసరి తెర వేయండి. పంజరం సొంత అద్దం కూడా రాత్రిళ్ళు నీడ చూపుతుంటే బయటి వైపు కాగితం అతికించండి. నీళ్ళ గిన్నె పక్క తలుపు దగ్గరికి మార్చండి.


వనస్థలి:

డాక్టరు గారు చెప్పిన తేడా ఒప్పుకొంటున్నాను. నాది పిల్లప్పటి నుంచీ నా దగ్గరే పెరిగింది కాబట్టి నా పద్ధతి పనిచేసింది. పెద్దయ్యాక చేతులు మారిన జంతువుకు అది వర్తించదు. మందారం గారూ, మీరు సెప్టెంబరు నుంచి లెక్క వేయకండి. కొత్త బల్బు పెట్టిన రోజే అది మీ ఇంటికి వచ్చిందనుకొని, ముట్టుకోకుండా, పక్కన కూర్చోవడంతో మొదలుపెట్టండి. నెలలు పడుతుంది.


మందారం:

జనవరి ఆఖరుకు వచ్చాం కాబట్టి ఏం జరిగిందో చెప్పడం ధర్మం. తెర వేసిన మూడో రోజుకు సాయంత్రపు ఊపుడు దాదాపు ఆగిపోయింది. నారింజ రంగు ఇంకా పూర్తిగా పోలేదు కానీ తిండి పెరిగింది. బరువు తగ్గలేదు. ఆ మెత్తటి బొమ్మ గురించి మాత్రం మా అబ్బాయి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక మావారి దగ్గరికి పంపిస్తున్నాను.

మావాడు ఒక నోటుబుక్కు పెట్టుకొని, పచ్చయ్య తల ఎప్పుడు ఊపింది, తోక ఎటు వంగింది, ఎవరు గదిలోకి వచ్చారు అని రాస్తున్నాడు. దానివల్ల ఒకటి తెలిసింది: మావారు ఆకుపచ్చ చొక్కా వేసుకొన్న రోజుల్లోనే అది ఆయనకు అడ్డంగా తిరుగుతోంది. ఆయన ఆ చొక్కా మానేశారు.

పక్కన కూర్చొనే పని ఎవరు చేస్తున్నారో చెబితే మీరు నమ్మరు. మా అత్తగారు. రోజూ పొద్దున్న పంజరం పక్కన కుర్చీ వేసుకొని విష్ణు సహస్రనామం చదువుకొంటున్నారు, హాల్లో వెచ్చగా ఉండే చోటు అదేనట. దాన్ని ముట్టుకోరు, దానికేసి చూడరు, దానికి కావలసిందీ అదే కాబోలు. నిన్న ఆవిడ పుస్తకం మూసి లేవబోతుంటే, అది కొమ్మ మీద నుంచి దిగి వచ్చి, జాలీకి ముక్కు ఆనించి, రెండు సార్లు నాలుక చాచి ఆవిడ చీర కొంగు వాసన చూసింది. ఒళ్ళు వదులుగానే ఉంది, తోక నేల మీద తిన్నగా ఉంది. ఆవిడ కదలకుండా నిలబడి, “ఇప్పుడిది ఏమంటోంది?” అని మెల్లగా మావాణ్ణి అడిగారు. వాడు నోటుబుక్కు కోసం పరుగెత్తాడు.